కాలు పెట్టకండి, అది రాయి కాదు



అండమాన్ వెళ్లొచ్చిన వాళ్లని అక్కడ ఏం చూశారని అడిగితే ముందు సెల్యులర్ జైలు అంటారు, తర్వాత బీచ్‌లు అంటారు. వండూరు పేరు ఎవరో ఒకరిద్దరు చెబుతారు. పోర్ట్ బ్లెయిర్‌కి, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న ఆ ఊరికి, నైరుతి దిక్కున పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న రేవు అది. పేరు వినగానే మన నెల్లూరుకో గుంటూరుకో చుట్టం కాబోలనుకున్నాను. కాదట. 1921లో మలబారులో జరిగిన మాప్పిళ్ల తిరుగుబాటులో శిక్ష పడి ఈ దీవులకొచ్చిన వాళ్లు, ఇక ఇంటికి వెళ్లే ఆశ లేక, తాము కట్టుకున్న పల్లెలకి సొంత ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు. అలా వచ్చిందే వండూరు. మంజేరి, తిరూరు, కాలికట్ కూడా ఆ చుట్టుపక్కలే ఉన్నాయి.

ఈ రేవు నుంచే మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కుకి పడవలు బయల్దేరతాయి. 1983లో ఏర్పాటైన పార్కు. 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు విస్తీర్ణం, అందులో సుమారు పదిహేను దీవులు, వాటి మధ్య సముద్రపు పాయలు, ఒడ్డున మడ అడవులు, నీళ్ల కింద పగడాల తోటలు. పార్కు అనగానే మనకి సిమెంటు బల్లలు, ఐస్‌క్రీం బండి గుర్తొస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. పార్కులో ఎక్కువ భాగం నీళ్ల కిందే ఉంది.

మా ప్రయాణం మొదటి మెట్టు దగ్గరే ఆగింది. రేవులో అటవీ శాఖ వాళ్లు సంచులు తెరిపించి చూస్తారు. మా ఆవిడ దారిలో తినడానికని జంతికలు, అరిసెలు ప్లాస్టిక్ కవర్లలో కట్టి తెచ్చింది. ఆ కవర్లు పడవ ఎక్కడానికి వీల్లేదన్నారు. జంతికలు తీసుకెళ్లొచ్చు గానీ కవరు తీసుకెళ్లకూడదట. కవరు లేకుండా జంతికలు ఎందులో పట్టుకెళ్తాం? రేవు మెట్ల మీద కూర్చుని, పక్కనున్న బెంగాలీ కుటుంబానికి కూడా పెట్టి, అన్నీ తినేశాం. నీళ్ల సీసాకి డిపాజిట్ కట్టించుకున్నారు. తిరిగొచ్చి సీసా చూపిస్తేనే ఆ డబ్బు వెనక్కిస్తారు. అప్పుడు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. దీవిలో దిగాక ఆ కోపం పోయింది. ఒక్క చిప్స్ ప్యాకెట్టు, ఒక్క గుట్కా కాగితం కూడా కనబడని ఇసుక చూసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు.

ఈ పార్కులో జనాన్ని దిగనిచ్చే దీవులు ముఖ్యంగా రెండే. ఒకటి జాలీబాయ్, రెండోది రెడ్ స్కిన్. జాలీబాయ్ అంటే జాలీగా తిరిగే కుర్రాడనుకున్నాను. కాదు, ఓడలకి గుర్తుగా నీళ్ల మీద తేలే బోయా ఉంటుంది చూశారూ, ఆ బాయ్. ఇంగ్లీషు వాళ్లు పటం గీస్తూ పెట్టిన పేర్లు తమాషాగా ఉంటాయి. పక్కన గ్రబ్ అని ఒక దీవి ఉంది, ఆ మాటకి పురుగనే అర్థం ఉంది. స్నాబ్ అని ఇంకొకటి, అంటే డాబుసరి మనిషి. ప్లూటో ఉంది, బెల్ ఉంది. మనవాళ్లకి ఈ అవకాశం దొరికుంటే అన్నిటికీ దేవుళ్ల పేర్లే పెట్టేవాళ్లు.

ఈ రెండు దీవులూ ఏడాది పొడవునా తెరిచి ఉండవు. దాదాపు నవంబరు నుంచి మే నెల మధ్య దాకా జాలీబాయ్ తెరుస్తారు. అక్కడి నుంచి మళ్లీ నవంబరు దాకా జాలీబాయ్ మూసేసి రెడ్ స్కిన్ తెరుస్తారు. ఒకదాని మీద జనం తిరుగుతుంటే రెండోది ఊపిరి పీల్చుకుంటుంది. ఇది వినగానే మా తాతగారు మెట్ట చేలో ఒక చెక్కని బీడు పెట్టడం గుర్తొచ్చింది. ఏటా అదే నేల దున్నితే సారం చచ్చిపోతుందిరా అనేవారు. అటవీ శాఖ వాళ్లు సముద్రాన్ని బీడు పెడుతున్నారు, అంతే తేడా.

వండూరులో పడవెక్కి ఇంచుమించు గంట ప్రయాణం. మొదట మడ అడవుల మధ్య నుంచి పోతాం. మన కోరింగ అడవి చూసిన వాళ్లకి ఈ చెట్లు పాత పరిచయాలే, బురదలోకి దిగిన ఆ వేళ్లు, ఆ ఉప్పు వాసన అన్నీ అవే. నీళ్ల రంగు ఒక్కటే వేరు. కోరింగలో నీళ్లు టీ రంగులో ఉంటాయి. ఇక్కడ పాయ దాటి బయటికి రాగానే ఆకుపచ్చ, తర్వాత నీలం, ఒడ్డు దగ్గర పడేసరికి గాజు. ఇద్దరు మనుషుల లోతులో ఉన్న ఇసుక కూడా పడవలోంచి కనబడుతుంది. ఈ తేడాకి కారణం ఉంది, దాని దగ్గరికి వస్తాను.

జాలీబాయ్‌కి రేవు లేదు. పెద్ద పడవ దూరంగా నిలబడుతుంది. అక్కడ అడుగున అద్దం బిగించిన చిన్న పడవల్లోకి మారాలి. అందులో చుట్టూ బల్ల మీద కూర్చుని, మధ్యలో ఉన్న అద్దంలోకి, నూతిలోకి తొంగి చూసినట్టు చూడాలి. ఈత రానివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, చంటిపిల్లల తల్లులు అందరూ సముద్రం అడుగు చూసే ఏర్పాటు ఇది. మా అత్తగారికి డెబ్బై రెండేళ్లు. నీళ్లంటే భయం. ఆవిడ అద్దం మీదకి వంగి, కళ్లజోడు సర్దుకుని, "ఇదేమిటే, కాలీఫ్లవర్ మడిలా ఉంది" అంది. అంతకంటే బాగా నేను వర్ణించలేను. మనిషి మెదడులా మెలికలు తిరిగిన గుండ్రటి పగడం ఒకటి, జింక కొమ్ముల్లా చీలిన పగడం ఒకటి, భోజనాల బల్లలా పరుచుకున్నది మరొకటి. వాటి మధ్య పసుపు చేపలు, నల్లచారల చేపలు. పెద్ద ఆల్చిప్ప ఒకటి నోరు తెరుచుకుని ఉంది. దాని పెదవులు నెమలికంఠం రంగులో ఉన్నాయి.

ఇక అసలు సంగతి స్నార్కెలింగ్. కళ్లనీ ముక్కునీ మూసే అద్దాల తొడుగు పెట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీటి మీద బోర్లా తేలుతూ కిందకి చూడటం. పెద్ద విద్యేమీ కాదు. ఒంటికి లైఫ్ జాకెట్టో చేతికి ట్యూబో ఇస్తారు, పడవ కుర్రాడు పక్కనే ఉండి లాక్కెళ్తాడు. కష్టమల్లా ముక్కుతో గాలి పీల్చే అలవాటు మానుకోవడమే. నోటితో పీల్చాలి, నోటితోనే వదలాలి. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని ఐదు నిమిషాల పాటు మానేయాలి. అద్దం మసకబారకుండా దానిమీద ఉమ్మి, వేలితో రుద్ది, సముద్రపు నీళ్లతో కడగమంటారు. మొహమాట పడకుండా ఉమ్మండి. దానికంటే మంచి మందు లేదు.

నా విషయంలో వచ్చిన చిక్కు మీసం. తొడుగు అంచున ఉండే రబ్బరు చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు లోపలికి రావు. మీసం ఉంటే వెంట్రుకల మధ్య సందుల్లోంచి సన్నగా కారతాయి. పడవ నడిపే కుర్రాడు నన్ను చూడగానే హిందీలో ఏదో అని నవ్వాడు. నేను మా ఆవిడతో తెలుగులో, "వీడేదో మీసం గురించి అంటున్నాడే" అన్నాను. వాడు వెంటనే, "అవునండి బాబూ, నీళ్లు కారతాయండి. మీసం ఉన్నోళ్లకిది తప్పదు" అన్నాడు!

మాది శ్రీకాకుళం జిల్లా, భావనపాడు దగ్గర అన్నాడు. అంటే అతను పుట్టింది అక్కడ కాదు, పెరిగిందీ కాదు. వాళ్ల తాత చేపల వేట కోసం ఓడెక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ పేట వైపు వెళ్తే మన ఉత్తరాంధ్ర మాట చెవిలో పడుతూనే ఉంటుంది. తెలుగులో చదువు చెప్పే బళ్లున్నాయి. విశాఖపట్నం నుంచి ఇక్కడికి ఓడ నడుస్తుంది. అందుకే అండమాన్ గురించి మాట్లాడటం పరాయి దేశం గురించి మాట్లాడినట్టు కాదు.

సరే, నీళ్లలోకి దిగాను. మొదటి రెండు నిమిషాలు భయం, తర్వాత ఆశ్చర్యం. చెవుల్లో మన ఊపిరి శబ్దం ఒకటే. కింద ఒక చిలుక చేప పగడాన్ని కొరుకుతోంది. ఆ కటకట శబ్దం నీళ్లలో స్పష్టంగా వినబడుతుంది. దానికి నిజంగానే చిలుక ముక్కులాంటి నోరుంటుంది. పగడం మీది నాచు కోసం సున్నపురాయితో సహా కొరికి, నమిలి, పనికిరానిది వెనక నుంచి తెల్లటి ఇసుకగా వదిలేస్తుంది. మనం పాదాలకి మెత్తగా ఉందని మురిసిపోయే ఆ తెల్ల ఇసుకలో చాలా భాగం ఇలా వచ్చిందే. ఈ ముక్క చెప్పాక మా చిన్నమ్మాయి ఇసుకలో ఆడటం మానేసింది.

ఇంకాస్త ముందుకెళ్తే కడలి పువ్వు. అది పువ్వు కాదు, విషపు వేళ్లున్న జంతువు. ఆ వేళ్ల మధ్య నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న బుల్లి చేపలు. పిల్లలకి నీమో అంటే తెలుస్తుంది. ఒక పువ్వులో ఉండే గుంపుకి పెద్ద ఎప్పుడూ ఆడచేపే. ఆమె చచ్చిపోతే గుంపులోని పెద్ద మగచేప ఆడదిగా మారిపోయి పెత్తనం తీసుకుంటుంది. సినిమాలో ఈ సంగతి చెప్పలేదు, పిల్లల సినిమా కదా!

అదే చూస్తూ ఉండగా మీసం సందులోంచి కారిన నీళ్లు ముక్కుదాకా వచ్చాయి. కంగారు పడ్డాను. నోట్లో గొట్టం వదిలేసి నిలబడదామని కాలు కిందకి దించాను. గట్టిగా ఏదో తగిలింది. బరువు దానిమీద వేశాను. అప్పుడు వినబడింది అరుపు. "కాలెట్టకండి బాబూ! రాయి కాదది! పేనవున్నాది దానికి!"

పైకి లాగి చూస్తే నా పిక్క మీద నాలుగు గీతలు, రక్తం. ఆ గాయం మానడానికి రెండు వారాలు పట్టింది. కానీ ఆ కుర్రాడు నా కాలు చూడలేదు. తొడుగు పెట్టుకుని మునిగి, నేను తొక్కిన చోటు చూసి వచ్చాడు. కొమ్మ ఒకటి విరిగిందన్నాడు. కోప్పడలేదు. ఆ తర్వాత గంటసేపు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అదే నాకు పెద్ద శిక్ష అయింది.

ప్రాణం ఉందన్నాడు చూశారా, అది అక్షరాలా నిజం. పగడం రాయీ కాదు, మొక్కా కాదు. గుండుసూది తలంత జీవులు వేలూ లక్షలూ ఒకదానికొకటి అతుక్కుని కట్టుకున్న కాలనీ. ఒక్కొక్కటీ తన చుట్టూ సున్నంతో చిన్న గది కట్టుకుంటుంది. పాత గదుల మీద కొత్త గదులు. కొమ్మల పగడమైతే ఏడాదికి పది సెంటీమీటర్లకి పైగా పెరగొచ్చు. గుండ్రటి బండలాంటి పగడమైతే ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మనిషి నడుమంత ఎత్తున్న బండ కనబడితే దాని వయసు వందేళ్లకి అటూ ఇటూ అనుకోండి. మా అత్తగారికంటే పెద్దది.

మరి ఆ రంగులు ఎక్కడివి? పగడపు జీవి ఒళ్లంతా కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. నాచు ఎండ తాగి ఆహారం వండిపెడుతుంది, పగడం దానికి ఇల్లిస్తుంది. రంగులో చాలా భాగం ఆ అద్దెకున్న వాళ్లదే. ఎండ కావాలి కాబట్టి నీళ్లు తేటగా ఉండాలి. ఇందాక కోరింగ దగ్గర ఆపిన మాట ఇదే. మన కోస్తాకి గోదావరి, కృష్ణ కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చి పోస్తాయి, సముద్రంలో మంచినీళ్లు కలిపేస్తాయి. ఆ ఒండ్రే మనకి డెల్టా అయింది, మాగాణి అయింది, అన్నం అయింది. ఆ బురదనీళ్లలో పగడాల దిబ్బ లేవలేదు. రెండూ ఒక్కచోట దొరకవు మరి.

మన ఆడవాళ్లు నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్ర పగడం కూడా ఇదేనా అని మీకు సందేహం రావచ్చు. కాదు. నవరత్నాల్లో లెక్కపెట్టే ఆ పగడానికి పేరుమోసిన చోటు మధ్యధరా సముద్రం. దాని ఎముకే ఎర్రగా ఉంటుంది, అందుకే సానపెడితే పూస అవుతుంది. ఈ దీవుల పగడానికి ఎముక తెల్లటి సున్నం. రంగంతా పైనున్న పలచటి మాంసంలోనే. ముక్క విరిచి సంచిలో పెట్టుకుని ఇంటికి తెస్తే ఒక్క రోజులో రంగు పోతుంది, రెండో రోజు కంపు కొడుతుంది, మూడో రోజు సున్నపుముక్క. పైగా అది నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దిబ్బలు కట్టే పగడాలు మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులితో సమానం. విమానాశ్రయంలో సంచి తనిఖీలో ఇలాంటివి దొరికితే తర్వాత కోర్టు చుట్టూ తిరగాలి.

నా కాలు ఒక్క కొమ్మనే విరిచింది. సముద్రం వేడెక్కితే తోటలకి తోటలే పోతాయి. మామూలు వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం లోపలున్న నాచుని బయటికి తోసేస్తుంది. తెల్లబడిపోతుంది. వెంటనే చావదు, ఆకలితో ఉంటుంది. నీళ్లు త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది, లేకపోతే లేదు. 1998లో, 2010లో, 2016లో అండమాన్ పగడాలు ఇలా తెల్లబడ్డాయి. 2010 వేసవి దెబ్బ బాగా గట్టిది. జాలీబాయ్‌లో బూడిదరంగు తుక్కులా పడి ఉన్న కొమ్మలు ఇప్పటికీ అద్దం లోంచి కనబడతాయి. రంగుల ఫొటోలు చూసి వెళ్లినవాళ్లు వీటిని చూసి, ఇంతేనా అని పెదవి విరుస్తారు. నన్నడిగితే ఆ తుక్కు పక్కనే అరచేతి వెడల్పున మొలిచిన కొత్త పగడాన్ని చూపించమని పడవవాళ్లని అడగండి. చూడాల్సింది అదే.

2004 డిసెంబరు 26 భూకంపం కూడా ఈ నేలని వదల్లేదు. అండమాన్ ఉత్తర భాగం ఇంచుమించు మీటరు పైకి లేచింది, అక్కడి పగడాలు నీళ్లలోంచి బయటపడి ఎండకి మాడిపోయాయి. దక్షిణ భాగం అంతే కిందకి దిగింది. వండూరు ఒడ్డున నీళ్లలో నిలబడి ఎండిపోయిన చెట్ల మోళ్లు ఉండటానికి కారణం అదే. ఆ ఒడ్డు అందంగా ఉంది కదా అని ఈతకి దిగకండి. ఉప్పునీటి మొసళ్లున్నాయని బోర్డు పెట్టారు, అది ఊరికే పెట్టింది కాదు.

ఇక నీటి ఆటల గురించి రెండు మాటలు. స్కూబా డైవింగ్ కావాలంటే హావ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్ వెళ్లండి. ఈత రాకపోయినా నేర్పేవాడు పట్టుకుని దింపుతాడు. గుండెజబ్బు, ఉబ్బసం ఉంటే దాచకుండా చెప్పండి. డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకెళ్లాక బుడగలు కడుతుంది. కాబట్టి దాన్ని ప్రయాణం చివరి రోజుకి పెట్టుకోకండి. నీటి మీద రయ్యిన తిప్పే మోటారు స్కూటర్లు నాకు నచ్చలేదు. అవి మన విశాఖ తీరంలోనూ చేసుకోవచ్చు, దానికి సముద్రం దాటి వెళ్లక్కర్లేదు. ఒంటికి క్రీములు పూసుకుని నీళ్లలో దిగేకంటే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. కొన్ని క్రీముల్లోని మందు పగడానికి పడదని హవాయి, పలావ్ దీవుల్లో వాటి అమ్మకమే ఆపేశారు.

మధ్యాహ్నం దాటాక తిరుగు ప్రయాణం. డిసెంబరులో అక్కడ సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది. పడవ దిగేటప్పుడు ఆ కుర్రాడికి క్షమాపణ లాంటిదేదో చెప్పబోయాను. అతను నా మీసం వైపు చూసి, "మళ్లీ వస్తే గీయించుకు రండి బాబూ" అన్నాడు. గీయించుకోలేదు గానీ, సన్నగా కత్తిరించాను.

మీరు వెళ్లేటట్లయితే గుర్తింపు కార్డు పట్టుకెళ్లండి, అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి. దీవిలో హోటలూ లేదు, టీ బడ్డీ కూడా లేదు. తినేది స్టీలు డబ్బాలో పెట్టుకోండి. సోమవారం మాత్రం వెళ్లకండి, ఆ రోజు పార్కుకి సెలవు.